ఉపగ్రహ పరికరం కొటేషన్‌లో రవాణాకి 2 శాతం వేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీకు హైదరాబాద్ బాలానగర్‌లో సీఎన్‌సీ షాపు (కంప్యూటర్ నడిపే మెషిన్లతో లోహం కోసే షాపు) ఉంది. ఒక ఉపగ్రహాల స్టార్టప్ సోలార్ ప్యానెల్ విప్పే మెకానిజాన్ని ఫ్రేముతో, చిన్న ఎలక్ట్రానిక్స్ పెట్టెతో కలిపి మూడు సెట్లు చేసిపెట్టమంది. సెట్టు 14 కిలోలు. బెంగళూరులో టెస్టులు చేయించి, చివరికి శ్రీహరికోటలో అప్పగించే దాకా బాధ్యత మీదే. మీరు మెటీరియల్, మెషిన్ గంటలు, 20 శాతం లాభం కలిపి 24 లక్షలకు తేల్చారు. దాని మీద రవాణాకి 2 శాతం, అంటే 48 వేలు వేశారు. ఇది చాలునా, వస్తువు చిన్నదే కాబట్టి బస్సు కార్గోలో వేసేయొచ్చా అని అడిగారు.

చాలదు. 2 బదులు 5 వేసినా, 10 వేసినా అది గుడ్డి లెక్కే అవుతుంది. వస్తువు ఖరీదుని బట్టి రవాణా ఖర్చు పెరగదు. అది ఎన్నిసార్లు కదులుతుందో దాన్ని బట్టి పెరుగుతుంది. నేను ఈ లైన్‌లో 22 ఏళ్ళుగా ఉన్నాను. మొదట్లో ప్లానింగ్ వైపు పనిచేశాను, ఇప్పుడు మీలాంటి సప్లయర్ల వైపు ఉన్నాను. నేను చూసిన కొటేషన్లలో నష్టం తెచ్చినవి ఎక్కువగా కిలోలు, కిలోమీటర్లు లెక్కపెట్టి, ట్రిప్పులు లెక్కపెట్టడం మర్చిపోయినవే.

ఒక కాగితం తీసుకుని మీ సెట్టు ప్రయాణం గీయండి. మీ షాపు నుంచి అనోడైజింగ్‌కి (అల్యూమినియం మీద గట్టి పొర ఎక్కించడానికి) ఒకటి, తిరిగి రావడం రెండు. బెంగళూరులో వైబ్రేషన్ టెస్టుకి మూడు. అక్కణ్ణుంచి ఊరికి ఇంకో మూలన ఉన్న థర్మోవాక్ ల్యాబుకి (గాలి తీసేసిన చాంబర్‌లో వేడీ చలీ పెట్టి చూసే చోటికి) నాలుగు. విప్పి చూసుకోవడానికి తిరిగి మీ దగ్గరికి అయిదు. కస్టమర్ క్లీన్‌రూమ్‌కి (దుమ్ము చేరని గదికి) ఆరు. శ్రీహరికోటకి ఏడు. మూడు సెట్లలో ఒకటి క్వాలిఫికేషన్ సెట్టు, అంటే డిజైన్ తట్టుకుంటుందని టెస్టులతో రుజువు చేయడానికి చేసేది, అది నింగికి ఎగరదు కాబట్టి ఆరుతో ఆగుతుంది. మిగతా రెండూ ఎగిరేవి, అంటే ఫ్లైట్ సెట్లు, ఏడేసి. మొత్తం 20 కదలికలు, అదీ ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే. రెండు సెట్లు ఒకే బండిలో పంపితే కిరాయి తగ్గుతుందంటారేమో. బండి బోల్తా పడితే మీ దగ్గర మిగిలేది ఏమీ ఉండదు. ఫ్లైట్ సెట్లు రెండూ ఒకే బండిలో ఎక్కించే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ప్రతి కదలికలోనూ లారీ కిరాయి చిన్న భాగం. బయల్దేరే ముందు పనితీరు పరీక్ష, ఫొటోలు, రెండు పొరల్లో బ్యాగింగ్, పెట్టె సీలు, సంతకాలు. చేరాక సీలు చూడటం, పెట్టె లోపలి ఉష్ణోగ్రత గదితో సమానం అయ్యేదాకా ఆగటం, తెరవటం, మళ్ళీ పనితీరు పరీక్ష, మళ్ళీ సంతకాలు. ఆ ఆగటం ఎవరూ కొటేషన్‌లో వేయరు. ఏసీ బండిలో వచ్చిన చల్లటి పెట్టెని వానాకాలంలో దిగంగానే తెరిస్తే లోహం మీద నీటి చెమ్మ పట్టేస్తుంది. కాబట్టి రాత్రంతా ఆగాలి. ఇద్దరు ఇంజనీర్లు ఒక రోజు ఖాళీగా హోటల్లో కూర్చుంటారు, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

నాకు జరిగింది చెప్తాను. ఒకసారి మా పరికరం బెంగళూరు చేరింది. పెట్టె చెక్కుచెదరలేదు, సీలు బాగుంది. లోపల అతికించిన షాక్ లాగర్‌ని (కుదుపులు నమోదు చేసే చిన్న పరికరాన్ని) కంప్యూటర్‌కి కలిపితే, రాత్రి 2 గంటల 10 నిమిషాలకి 9 జీ (భూమ్యాకర్షణకి తొమ్మిది రెట్లు) దెబ్బ ఒకటి రికార్డై ఉంది. డ్రైవర్‌ని అడిగితే ఏం లేదు సార్ అన్నాడు. పాపం, అతనికి నిజంగా తెలియదు, ఎక్కడో చీకట్లో స్పీడ్ బ్రేకర్ కనపడలేదు. మా పరిమితి 5 జీ. ఇక చూడండి. పరికరానికి ఏమీ కాలేదని మా అందరికీ తెలుసు. కానీ 'తెలుసు' అని కాగితం మీద రాయడం కుదరదు కదా! అలైన్‌మెంట్ మళ్ళీ కొలిచాం, ప్రతి ఫాస్టెనర్ టార్క్ మళ్ళీ చూశాం, రివ్యూ మీటింగు పెట్టాం, తక్కువ స్థాయిలో వైబ్రేషన్ ఇంకోసారి చేశాం. ఈలోపు థర్మోవాక్ స్లాటు పోయింది, మళ్ళీ దొరకడానికి మూడు వారాలు. ఎయిర్ సస్పెన్షన్ బండికి కిరాయి ఎక్కువని మామూలు బండి మాట్లాడింది మేమే. అక్కడ మిగిలిందానికి ఎన్నో రెట్లు ఇక్కడ పోయింది. అప్పటినుంచి నేను అంచనా వేసేటప్పుడు బండి కిరాయి వరసలో ఒక్క రూపాయి కూడా తగ్గించను.

పెద్దవాళ్ళ ప్రాజెక్టులూ ఇందుకు అతీతం కాదు. నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహాన్నే చూడండి. అమెరికాలో తయారైన రాడార్ భాగం 2023 మార్చిలో వాళ్ళ వైమానిక దళం సీ-17 విమానంలో బెంగళూరు వచ్చింది. ఆ తర్వాత, 12 మీటర్ల యాంటెన్నా రిఫ్లెక్టర్ మడిచిపెట్టి ఉన్నప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువ వేడెక్కే అవకాశం ఉందని తేలింది. వేడిని తిప్పికొట్టే పూత వేయడానికి రిఫ్లెక్టర్‌ని తిరిగి కాలిఫోర్నియా పంపారు. పని అయ్యాక 2024 అక్టోబర్‌లో నాసా సీ-130 విమానం దాన్ని మళ్ళీ బెంగళూరు తెచ్చింది. ప్రయోగం జరిగింది 2025 జులై 30న. సమస్య పూతది. దానికోసం పడిన అదనపు కదలికలు రెండు, రెండూ ఖండాలు దాటినవి. డిజైన్ దశలో దొర్లే చిన్న పొరపాటు ఎప్పుడూ రవాణా బిల్లుగా మారే బయటపడుతుంది.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు కథ ఇంకో రకం. దాన్ని 2021లో కాలిఫోర్నియా నుంచి ఫ్రెంచ్ గయానాకి ఓడలో తీసుకెళ్ళారు, పనామా కాలువ మీదుగా 16 రోజుల ప్రయాణం. అంత ఖరీదైనదాన్ని విమానంలో ఎందుకు పంపలేదంటే, విమానాశ్రయం నుంచి ప్రయోగ కేంద్రం దాకా ఉన్న రోడ్డు మీది వంతెనలు ఆ కంటైనర్‌ని మోయలేవు. వేల కిలోమీటర్ల ప్రయాణాన్ని ఆఖరి కొద్ది కిలోమీటర్లు నిర్ణయించాయన్నమాట. మీ విషయంలో ఆ ఆఖరి ముక్క ల్యాబు గుమ్మం. పెట్టె వెడల్పు ఎంత, వాళ్ళ ఎయిర్‌లాక్ (క్లీన్‌రూమ్ ముందుండే చిన్న గది) తలుపు వెడల్పు ఎంత? ఫోర్క్‌లిఫ్ట్ ఉందా? డ్రైవర్, క్లీనర్ల గేటు పాసుకి ఎన్ని రోజుల ముందు పేర్లు ఇవ్వాలి? నా ఎరుకలో ఒక బండి శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరికి చేరింది. క్లీనర్ కుర్రాడి పేరు లిస్టులో లేదు. సోమవారం దాకా బండి రోడ్డు పక్కనే, రోజువారీ వెయిటింగ్ చార్జీతో.

ఇక తయారీ ఖర్చు. మీ 24 లక్షల లెక్కలో నాకు కనపడిన లోటు ఏమిటంటే, మూడు సెట్లనీ ఒకే గాటన కట్టారు. ఒక్కసారే అయ్యే ఖర్చు వేరు, ప్రతి సెట్టుకీ అయ్యే ఖర్చు వేరు. డ్రాయింగులు, విశ్లేషణ, సీఎన్‌సీ ప్రోగ్రాములు, ఫిక్స్చర్లు (ముక్కని బిగించి పట్టుకునే సాధనాలు), క్వాలిఫికేషన్ సెట్టు, డాక్యుమెంట్లు, ఇవన్నీ ఒకే ఒక్క ఫ్లైట్ సెట్టు ఇచ్చినా పడే ఖర్చులే. రేపు కస్టమర్ 'రెండో సెట్టు వద్దులెండి, మూడోవంతు తగ్గించండి' అంటే మీరు మునుగుతారు. అందుకే ఆ రెండిటినీ వేరు వేరు వరసల్లో చూపించండి.

మెటీరియల్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ చూసినంతలో తూకం తప్పుగా వేశారు. 300 × 250 × 190 మిల్లీమీటర్ల అల్యూమినియం బ్లాకు 38 కిలోల పైనే ఉంటుంది. అందులోంచి మీరు తీసే బ్రాకెట్టు 4.2 కిలోలు. మిగతా 34 కిలోలు చిప్స్ కింద పోతాయి. మీరు కొనేది 38 కిలోలు, అదీ హీట్ నంబరు (ఏ పోతలోంచి వచ్చిందో చెప్పే నంబరు), టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న బ్లాకు. దానికి తోడు ఒక స్పేర్ బ్లాకు కూడా కొనండి. ఆఖరి పాసులో టూల్ విరిగి ఉద్యోగం మానేద్దామనిపించిన రాత్రి నాకు ఒకటుంది. స్పేర్ ఉంటే అది ఒక వారం నష్టంతో పోయేది. టైటానియం ఫోర్జింగు కస్టమరే ఇస్తానంటే అది ఉచితం అనుకోకండి. సాధారణంగా దాని విలువకి బ్యాంకు గ్యారంటీయో ఇన్సూరెన్సో అడుగుతారు, ఆ కమీషను మీ ఖర్చే.

ఎక్కువ చేస్తే ఖరీదు తగ్గుతుంది కదా అన్నారు. రైట్ అనే ఆయన 1936లో విమానాల తయారీ లెక్కలు చూసి, సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు ఇంత శాతం తగ్గుతుందని సూత్రం చెప్పాడు. నిజమే. కానీ మూడు సెట్లలో నేర్చుకునేది ఎంత? మీ మొదటి సెట్టులో పోయే టైమే ఆ నేర్చుకోవడం. ఆ తగ్గింపు 30 సెట్ల ఆర్డర్ వచ్చినప్పుడు ఇవ్వండి.

ఇంకో జాగ్రత్త. 'ఫలానా వాళ్ళు పోయినేడు ఇంతకే చేశారు' అని కస్టమర్ పోలిక తెస్తాడు. పోలికతో అంచనా వేయడం మంచి పద్ధతే, కానీ ఆ రెంటిలో ఏమేమి ఉన్నాయో చూడాలి. చంద్రయాన్-2కి 978 కోట్లు, అందులో ఉపగ్రహ భాగానికి 603, ప్రయోగానికి 375. చంద్రయాన్-3కి 2020 జనవరిలో చెప్పిన అంచనా 615 కోట్లు, అందులో పరికరాలకి 250, ప్రయోగానికి 365. ప్రయోగం ఖర్చు దాదాపు అంతే ఉంది. పరికరాల ఖర్చు సగానికి పైగా ఎలా తగ్గింది? రెండోసారి కొత్త ఆర్బిటర్ పంపలేదు, పాతదే పైన తిరుగుతోంది. ల్యాండర్ ఒకసారి డిజైన్ చేసి ఉంది. మొత్తం అంకె ఒక్కటి చూసి 'చౌకలో చేశారు' అనేవాళ్ళకి ఈ తేడా కనపడదు. అటువైపు గగన్‌యాన్ చూడండి. 2018లో 9,023 కోట్లు, 2024 సెప్టెంబర్‌లో 20,193 కోట్లు. అంచనా తప్పిందని వెక్కిరించే ముందు, మధ్యలో కొత్త ప్రయోగాలు దాంట్లో చేరాయని గుర్తుంచుకోవాలి. మీ కొటేషన్‌లో కూడా 'ఇవి ఉన్నాయి, ఇవి లేవు' అన్న పేజీయే అంకెల పేజీ కంటే ఎక్కువ కాపాడుతుంది.

టెస్టుల దగ్గర ల్యాబు చార్జీ మాత్రం వేశారు. షేకర్ (వైబ్రేషన్ టెస్టులో ఊపే యంత్రం) మీద మీ పరికరాన్ని బిగించే ఫిక్స్చర్ ఎవరు చేస్తారు? మీరే. 20 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా ఊపుతారు, ఆ ఫిక్స్చర్ తనంతట తాను ఊగకూడదు, కాబట్టి అది మీ 14 కిలోల పరికరం కంటే బరువుంటుంది. దానికీ డిజైను, మెషినింగు, రవాణా ఉన్నాయి. థర్మోవాక్‌లో అయితే చాంబర్ మూసాక రాత్రీ పగలూ నడుస్తుంది. ఇద్దరేసి చొప్పున మూడు షిఫ్టులు, ఆరుగురు, ఆరు రోజులు: 36 మనిషి రోజులు. జీతం, గది, తిండి కలిపి రోజుకి 5,000 అనుకున్నా 1,80,000. మీ 48 వేలు ఇక్కడే కరిగిపోయాయి, ఇంకా బండి కదలనే లేదు.

రవాణా ఖర్చు డ్రాయింగు బోర్డు మీదే తేలిపోతుందని నేను ఎప్పుడూ గొణుగుతుంటాను. మీ మెకానిజమే ఉదాహరణ. ప్యానెల్‌ని పట్టి ఉంచే కట్టుని తెంచడానికి పైరో కట్టర్ పెడితే, అందులో పేలుడు పదార్థం ఉంటుంది. దాన్ని ఉంచడానికి, తీసుకెళ్ళడానికి లైసెన్సులు, వేరే బండి, వేరే గది. నైలాన్ తాడుని వేడి తీగతో కోసే పద్ధతి పెడితే ఈ తలనొప్పి ఏదీ లేదు. పైరో నమ్మకమైనదే, కాదనను. కానీ దాని ధరలో ఈ రవాణా కూడా కలిపి చూసి ఎంచుకోవాలి. ఎలక్ట్రానిక్స్ పెట్టెలో లిథియం బ్యాటరీ ఉన్నా అంతే. విడి లిథియం అయాన్ బ్యాటరీలని విమానంలో పంపాలంటే కార్గో విమానం మాత్రమే, చార్జింగ్ 30 శాతం దాటకూడదు, యూఎన్ 38.3 టెస్టు (బ్యాటరీ రవాణాకి సురక్షితమని చూపే పరీక్ష) రిపోర్టు ఉండాలి. మీరు రెండు మూడు మాత్రమే చేసిన బ్యాటరీ ప్యాక్‌కి ఆ రిపోర్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రత్యేక అనుమతికి పరిగెత్తాలి. వీలైతే ఆ రిపోర్టు ఉన్న ప్యాక్‌నే కొనుక్కోండి.

పెట్టె సైజు కూడా బోర్డు మీదే తేలుతుంది. రేపు ఈ స్టార్టప్ ప్రయోగాన్ని విదేశానికి మారిస్తే, మీ పెట్టె విమానం ఎక్కుతుంది. విమాన కార్గోలో సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తారు. వచ్చినదీ, అసలు బరువూ, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 120 × 100 × 80 పెట్టె అంటే 160 కిలోలకి కడతారు, కాటా మీద అది 62 కిలోలే తూగినా. ఫోమ్ సరిగ్గా కోయించి 100 × 80 × 60కి దించితే 80 కిలోలు. ఒక కార్పెంటర్, ఒక పూట పని. చెక్క పెట్టె అయితే విదేశాలకి వేడి శుద్ధి ముద్ర కావాలి, పైగా చెక్క పొట్టు క్లీన్‌రూమ్‌లోకి రానివ్వరు. నేనైతే అల్యూమినియం పెట్టె ఒకటి కొని 20 ట్రిప్పులకీ వాడతాను. విదేశం అంటే స్కోమెట్ జాబితా (ఎగుమతికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన వస్తువుల జాబితా) అనుమతి కూడా చూసుకోవాలి, దానికి డబ్బు కన్నా నెలలు పోతాయి.

ఎద్దుల బండి మీద ఉపగ్రహం ఉన్న ఆ పాత ఫొటో చూపించి 'అప్పట్లో ఇలా తీసుకెళ్ళారు, మీకెందుకండీ ఎయిర్ సస్పెన్షన్' అన్న ఒక అకౌంట్స్ ఆయన నాకు తగిలాడు. అది 1981లో ప్రయోగించిన ఇస్రో ఉపగ్రహం యాపిల్. డబ్బుల్లేక బండెక్కించలేదు. యాంటెన్నా పరీక్షకి చుట్టూ లోహం ఉండకూడదు, ఇనుప లారీ పనికిరాదు, చెక్క బండి పనికొస్తుంది. అవసరానికి తగ్గ బండి, అంతే. మీకూ అదే వర్తిస్తుంది.

ఇన్సూరెన్స్ మీ ఇన్‌వాయిస్ విలువకి తీసుకోకండి. ఆ వస్తువు పోతే మళ్ళీ చేయడానికి ఎంతవుతుందో ఆ విలువకి తీసుకోండి, క్వాలిఫైడ్ వస్తువు మళ్ళీ చేయడమంటే మెషినింగ్ ఒక్కటే కాదు కాబట్టి. ఎత్తడం దించడం పాలసీలో ఉందో లేదో చదవండి. ప్రమాదాలు రోడ్డు మీదే జరుగుతాయనుకుంటాం. 2003 సెప్టెంబర్ 6న కాలిఫోర్నియాలో నోవా-ఎన్ ప్రైమ్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని ఫ్యాక్టరీ లోపలే, బండి మీద అడ్డంగా తిప్పుతుంటే నేల మీద పడింది. బండికి బిగించే 24 బోల్టులని అంతకుముందు వేరే టీము తీసేసింది, ఎవరూ చూసుకోలేదు. బాగుచేయడానికి 13.5 కోట్ల డాలర్లు అయింది, 2009లో ఎగిరింది. మీ హ్యాండ్లింగ్ ఫిక్స్చర్‌కి లోడ్ టెస్టు, దానికో సర్టిఫికెట్, ఎత్తే ముందు ఇద్దరు సంతకం చేసే చెక్‌లిస్టు, వీటికి పడే కొద్ది వేలు మాత్రం బేరం పెట్టకండి.

కాగితాల సంగతి క్లుప్తంగా: 50 వేలు దాటిన వస్తువుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పత్రం), అమ్మకం కాకుండా టెస్టుకి వెళ్తే డెలివరీ చలాన్. బిల్లు గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు. శ్రీహరికోట మీకు సుమారు 550 కిలోమీటర్లు, కాబట్టి మూడు రోజులు. గేటు దగ్గర ఆలస్యమైతే గడువు పొడిగించుకోవడం మర్చిపోవద్దు. 2.6 మీటర్ల వెడల్పు దాటిన సరుకు అయితే వేరే లోకం. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ వ్యాసమే 2.8 మీటర్లు. ఆ సైజు వాళ్ళకి రూట్ సర్వే, పర్మిట్లు, ముందు నడిచే పైలట్ బండి. మీకు అక్కర్లేదు.

మార్జిన్ ఎంత పెట్టాలి? ఇంతకుముందు చేసిన భాగానికి 10 శాతం, మొదటిసారి చేసేదానికి 30 అని నా అలవాటు. ఎక్కువ అనిపిస్తే ఒక మాట. నాసా పెద్ద ప్రాజెక్టులకి మామూలుగా 70 శాతం నమ్మకం ఉన్న స్థాయిలో బడ్జెట్ పెడుతుంది. అంటే అంత కసరత్తు చేశాక కూడా పదింట మూడుసార్లు దాటిపోవచ్చని వాళ్ళే ఒప్పుకున్నట్టు. ఆ మార్జిన్‌ని లాభంలో కలిపి దాచకండి, కస్టమర్ లాభం మీద బేరమాడితే అది కూడా ఎగిరిపోతుంది. ఆలస్యానికి వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం కోత అన్న షరతు మన దగ్గర మామూలే. ల్యాబు స్లాటు దొరక్క అయ్యే ఆలస్యం ఆ కోతలోకి రాదని ముందే రాయించుకోండి. వీలైతే ధరని 'బాలానగర్ గేటు దగ్గర అప్పగింత' అని ఇచ్చి, ఆ తర్వాతి కదలికలు ఒక్కొక్కటి వేరు వరసగా వేయండి. టెస్టు మళ్ళీ చేయాల్సొస్తే ఆ వరసని ఇంకోసారి కలిపితే చాలు, వాదన ఉండదు.

చివరగా బస్సు కార్గో. షేకర్ ఫిక్స్చర్‌ని హాయిగా పంపండి, అది మొద్దు ఇనుపముక్క లాంటిది, ఏమీ కాదు. ఖాళీ పెట్టె తిరిగి రావడానికీ బస్సు బాగు. ఫ్లైట్ సెట్టుకి వద్దు, ఎవరు ఎక్కించారో ఎక్కడ విసిరారో తెలియదు. అలాగని 14 కిలోలకి కంటైనర్ లారీ కూడా దండగ. మేము ఈ సైజువాటికి ఒక ఇన్నోవా మాట్లాడతాం. మధ్య సీట్లు తీసి, పెట్టెని ఫోమ్ మీద బెల్టులతో కట్టి, ఇద్దరు డ్రైవర్లు, ఒక ఇంజనీరు. తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడేలోపు బెంగళూరు చేరాలి. దారిలో ఆగాల్సొస్తే ఒకరు తినడానికి దిగితే ఒకరు బండిలోనే ఉంటారు. రాత్రి బస చేస్తే పెట్టె బండిలో ఉండదు, గదిలోకి వస్తుంది. కాబట్టి ఖర్చుల్లో లిఫ్ట్ ఉన్న హోటల్ అని రాసుకోండి.